ఊరిదాకా పట్టాలున్నాయా?

మా ఇంట్లో ఎవరు రైలు ప్రయాణం పెట్టుకున్నా మా మామ్మ అడిగే ప్రశ్న ఒక్కటే వుండేది. "ఎల్లిన ఊరిదాకా పట్టాలున్నాయిరా?"

అందరిళ్లలోనూ పెద్దవాళ్లు "డబ్బు జాగ్రత్త, కిటికీలోంచి చెయ్యి బయట పెట్టకు" అంటారు. మా మామ్మకి అవేవీ పట్టేవి కావు. మాది నెల్లిమర్ల. మా స్టేషన్లో ఎక్కితే తర్వాతి స్టేషనే విజయనగరం. అక్కడికి సినిమాకి వెళ్తున్నామన్నా సరే, ఆ ప్రశ్నకి జవాబు చెప్పనిదే గడప దాటనిచ్చేది కాదు.

"పట్టాలు లేకపోతే రైలు గాల్లో ఎగురుతుందా మామ్మా?" అనేవాణ్ణి నేను. ఇంటిల్లిపాదీ నవ్వేవారు. మామ్మ మాత్రం నవ్వేది కాదు.

ఆ ప్రశ్న ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియడానికి నాకు ఇరవై రెండేళ్లు పట్టింది. 1977లో నాకు సాలూరు బడిలో మేష్టరు వుద్యోగం వచ్చింది. ట్రంకుపెట్టె సర్దుకుని గుమ్మంలో నిలబడ్డాను. మామూలు ప్రశ్న పడింది. "వున్నాయి మామ్మా. బొబ్బిలి దగ్గర బండి మారాలి. పట్టాలు సరిగ్గా సాలూరుతోనే అయిపోతాయి" అన్నాను, ఆవిడ సంతోషిస్తుందని.

"అయిపోతాయా?" అంది మామ్మ. అని, గుమ్మంలోనే చతికిలబడింది. ఆవేళ నేను ఎక్కవలసిన బండి వెళ్లిపోయింది. ఆ కథ మాత్రం నాకు దక్కింది.

ముప్ఫై ఆరేళ్లు పిల్లలకి సోషలు చెప్పినవాణ్ణి. ప్లాసీ యుద్ధం తేదీ నిద్రలో లేపి అడిగినా చెబుతాను. మా ఇంటి చరిత్ర మాత్రం ఆ రోజుదాకా నాకు తెలియదు. మీలో చాలామంది పరిస్థితి కూడా అంతకంటే మెరుగ్గా వుండదని నా అనుమానం.

మా వైపు పాతకాలం వాళ్లు 'రంగం' అంటే నాటక రంగం కాదు, యుద్ధ రంగం అంతకన్నా కాదు. రంగూన్ పట్నం. "వాడు రంగం ఎల్లిపోనాడు" అంటే భీమిలి రేవులోనో కళింగపట్నంలోనో పొగ ఓడ ఎక్కి, బంగాళాఖాతం దాటి, బర్మాలో కూలికి పోయాడని అర్థం. పంట పోయినా, అప్పు పెరిగినా, అన్నదమ్ములకి తగువొచ్చినా మావాళ్లకి రంగమే దిక్కు. అక్కడ రేవులో బస్తాలు మోయడానికి, బియ్యం మిల్లుల్లో పనికి, తోపుడుబళ్లు లాగడానికి తెలుగువాళ్లే కావలసి వచ్చేవారు. గోదావరి ముఖద్వారం దగ్గరి కోరంగి రేవు పేరుమీద బర్మాలో మనవాళ్లందర్నీ 'కోరంగీ'లు అనేవారు. చంపావతి ఒడ్డునుంచి వెళ్లినవాడైనా, వంశధార ఒడ్డునుంచి వెళ్లినవాడైనా రంగం రేవులో దిగేసరికి కోరంగీయే! 1931 జనాభా లెక్కల్లో రంగూన్ జనం సుమారు నాలుగు లక్షలు. అందులో సగానికి పైగా ఇండియావాళ్లే. సొంతూళ్లో తాము తక్కువైపోయామని బర్మావాళ్లకి కోపం రాదూ? వచ్చింది. 1930 మే నెలలో రేవు కూలీల సమ్మె దగ్గర మొదలైన కొట్లాటలో చచ్చినవాళ్లలో ఎక్కువమంది మన తెలుగు కూలీలే.

మా తాత రంగంలో బియ్యం మిల్లులో పనిచేసేవాడు. రెండేళ్లకోసారి వచ్చి, నాలుగు నెలలుండి, మళ్లీ ఓడెక్కేవాడు. అప్పట్లో మగవాళ్లే ఎక్కువగా వెళ్లేవారు. ఆడది సముద్రం దాటడం అరుదు. కాని 1938లో మా మామ్మ పట్టుబట్టింది. "ఎల్తే ఇద్దరం ఎల్దాం. లేదంటే నువ్వూ ఎల్లొద్దు" అంది. ఎనిమిదేళ్ల మా నాన్నని ముత్తవ్వ దగ్గర వదిలి, ఇద్దరూ భీమిలిలో ఓడెక్కారు.

రైలు విషయంలో బర్మా మనకన్నా పెద్దది సుమండీ. రంగూన్ నుంచి ప్రోమ్ దాకా మొదటి రైలు 1877 మే 1న నడిచింది. మన తూర్పు కోస్తా లైను 1893లో గాని మొదలు కాలేదు. అంటే రంగంలో ఇంజను కూసిన పదహారేళ్లకి మనవైపు కూత వినబడిందన్నమాట. 1885లో ఇంగ్లీషువాళ్లు మాండలే రాజుని దింపేశారు. 1889 కల్లా రంగూన్ నుంచి మాండలేకి పట్టాలు వేసేశారు. ఆ తర్వాత పదేళ్లలోపే ఉత్తరాన మిచీనా దాకా వెళ్లారు. అన్నీ మీటరు గేజి పట్టాలే. పైనుంచి టేకు దుంగలూ బియ్యం బస్తాలూ రేవుకి దింపడం, రేవునుంచి సరుకూ సైన్యమూ పైకి పంపడం వాటి పని. మనుషులు మధ్యలో ఎక్కారు.

మా మామ్మా తాతా కూడా అలా ఒకసారి సరదాకి ఎక్కారట. రంగూన్‌కి ఎగువన పెగూ పట్నంలో పడుకుని వున్న బుద్ధుడి విగ్రహం వుంది. పొడవు 55 మీటర్లు. పెగూ పట్నం పాడుబడ్డాక అడవి కమ్మేసి అందరూ దాన్ని మరిచిపోయారు. 1880 ప్రాంతంలో రైలుకట్టకి ఇటుకలూ రాళ్లూ తవ్వుతుంటే మళ్లీ బయటపడింది. అంటే ఆ దేవుణ్ణి నిద్రలేపింది రైలే! మా మామ్మ దృష్టిలో ఆయన బుద్ధుడు కాడు. "రంగంలో రంగనాథుడు కాకపోతే ఇంకెవడు? పండుకునుండలేదేటి?" అని కొబ్బరికాయ కొట్టించిందట. ఆ సంగతి చెప్పేటప్పుడు మాత్రం మామ్మ నవ్వింది. రంగంలోనే వాళ్లకి ఒక ఆడపిల్ల పుట్టింది. 'రంగం పిల్ల' అని పిలుచుకునేవారు. నాకు మేనత్త కావలసిన పిల్ల.

1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. ఒకరోజు వదిలి, క్రిస్మస్ నాడు మళ్లీ వేశాయి. చచ్చినవాళ్లు వేలమంది. రేవు కూలీలు వీధుల్లో నిలబడి, అదేమిటో చూద్దామని తలలెత్తి చూస్తూ చనిపోయారు. ఊరు సగం ఖాళీ అయింది. ఓడ టిక్కెట్టు డబ్బున్నవాడికే గగనమైతే మిల్లు కూలికి దొరుకుతుందా? 1942 మార్చి 8న రంగూన్ జపాన్‌వాళ్ల చేతికి పోయింది. ఓడదారి పూర్తిగా మూసుకుపోయింది. మావాళ్లు అంతకు ముందే, ఫిబ్రవరిలో రైలెక్కారు.

ఇక్కణ్ణుంచి మామ్మ మాటల్లోనే చెప్పాలి. "బండి కాదురా అది, మనుసుల బత్తా. కప్పు మీద మనుసులు, మెట్ల మీద మనుసులు. పిల్లని ఒళ్లో ఎట్టుకుని కూకున్నదాన్ని మాండలే దాకా కాలు కదపలేదు. ఆడనించి పెద్ద ఒంతెన దాటి ఇంకో బండి. మోనివాలో దిగమన్నారు. ఎందుకు దిగాలని మీ తాత అడిగినాడు. పట్టాలయిపోనాయన్నారు. పట్టాలయిపోనాయిరా బాబూ. కాళ్లు మిగిలినాయి. నడిసినాం."

మోనివా దగ్గర చింద్విన్ నది. పడవ దొరికినవాళ్లు కలేవా దాకా నదిమీద వెళ్లారు. అక్కణ్ణుంచి కబా లోయ, తామూ, కొండలెక్కి పాలేల్, ఇంఫాల్. తామూ అంటే ఇప్పుడు సరిహద్దు ఊరు. అవతల మన మణిపూర్. మరికొందరు ప్రోమ్ నుంచి తౌంగూప్ కనుమ దాటి అరకాన్ తీరానికి నడిచారు. ఇంకొందరు మిచీనా దాకా రైల్లో వెళ్లి హుకాంగ్ లోయ బురదలో పడ్డారు. ఆ కొద్ది నెలల్లో బర్మానుంచి ఇండియా చేరినవాళ్లు నాలుగైదు లక్షలు. దారిలో కలరాకీ మలేరియాకీ ఆకలికీ పోయినవాళ్లు పదివేలని కొందరూ, యాభైవేలని కొందరూ అంచనా వేశారు. తెల్లవాళ్లకి మంచి దారి, నల్లవాళ్లకి కష్టమైన దారి కేటాయించారన్న ఫిర్యాదు దేశమంతా పాకి, ఆ వేసవిలో అలహాబాదులో కాంగ్రెస్ కమిటీ దానిమీద తీర్మానం కూడా చేసింది. అదే దారిలో అస్సాం తేయాకు తోటలవాళ్లు శిబిరాలు పెట్టి గంజి పోశారని కూడా చెప్పుకోవాలి. మంచీ చెడ్డా ఒకే బాటమీద నడిచాయి.

"ఎన్నాళ్లు నడిచారు మామ్మా?" అని అడిగాను.

"రోజులు లెక్కెట్టినోడెవుడురా? సందమామ నిండినాడు. మళ్లీ సన్నబడ్డాడు."

"మరి పిల్ల?"

"తామూ కాడ ఎట్టీసినాం" అంది మామ్మ. నేను అంతకన్నా అడగలేదు. ఆవిడా చెప్పలేదు.

ఇంఫాల్ తర్వాత లారీలో దిమాపూర్ చేరారు. ఆ స్టేషను పేరు అప్పుడు మణిపూర్ రోడ్. అక్కడ మళ్లీ పట్టాలు కనిపించాయి. మామ్మ వంగి, పట్టా మీద చెయ్యి పెట్టి చూసిందట, నిజమేనా అని. అక్కణ్ణుంచి మీటరు గేజి మీద పాండు దాకా. బ్రహ్మపుత్ర మీద అప్పటికి వంతెన లేదు. పడవలో ఆమిన్‌గావ్ చేరి మళ్లీ బండి. తర్వాత పార్వతీపూర్. మన పార్వతీపురం కాదు, ఈనాడు బంగ్లాదేశ్‌లో వున్న ఊరు. మీటరు గేజి దిగి బ్రాడ్ గేజి ఎక్కేది అక్కడే. "పార్వతీపూర్ అని అరిస్తే ఇంటికొచ్చీసినామనుకున్నాను" అంది మామ్మ. ఆ తర్వాత పద్మా నది మీద 1915లో కట్టిన హార్డింజ్ వంతెన, కలకత్తా, హౌరా, చివరికి నెల్లిమర్ల.

నెల్లిమర్లలో దిగేసరికి ఏప్రిల్ రెండో వారం. ప్లాట్‌ఫారం నిండా మూటలూ, పిల్లలూ, కోళ్ల గంపలూ! ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. విశాఖ జనం పల్లెలకి పరుగెడుతున్నారు. ఎవరి బాంబులకి భయపడి వెయ్యి మైళ్లు పారిపోయి వచ్చారో, వాళ్లు ఇంటిదగ్గర ముందే వచ్చి కూర్చున్నారన్నమాట. మా తాత ఆ మూటల మధ్య నిలబడి, "ఇంక ఎక్కడికీ ఎల్లొద్దు" అన్నాడట. అన్నమాట ప్రకారం మళ్లీ ఎక్కడికీ వెళ్లలేదు.

మామ్మ పోయింది. నేను రిటైరయ్యాను. రిటైరైన మేష్టరుకి రెండే పనులు: పేపరు చదవడం, పేపరు చదవడం లేదని మనవల్ని తిట్టడం. ఒకరోజు మా ఆవిడ, "ఏమండీ, అందరూ కాశీ, రామేశ్వరం అంటున్నారు. మనం రంగం వెళ్దామా?" అంది. నేను అనవలసిన మాట ఆవిడ నోట వచ్చింది. మా సంసారంలో ఇది మామూలే.

2016 డిసెంబరులో బయలుదేరాం. కలకత్తా నుంచి విమానం. పాస్‌పోర్టు, వీసా, ఫొటోలు, సంతకాలు. మామ్మ వెళ్లేనాటికి బర్మా ఇండియానుంచి విడిపోయి ఏడాదే అయింది; 1937 ఏప్రిల్ 1న వేరుచేశారు. ఆవిడ చేతిలో వున్నది ఓడ టిక్కెట్టూ, సద్దిమూటా. ఆవిడ వచ్చిన దారి ఇవాళ మూడు దేశాల్లో వుంది. ఆవిడకి మాత్రం వెళ్లిన ఊరు రంగం, వచ్చిన ఊరు నెల్లిమర్ల. అంతే.

రంగూన్‌నుంచి మాండలే 620 కిలోమీటర్లు. ఆ రైలు గురించి ముందే హెచ్చరిస్తున్నాను: అది నడవదు, గెంతుతుంది. పాత మీటరు గేజి కట్ట మీద పెట్టె పైకీ కిందకీ పక్కలకీ వూగుతుంటే మా ఆవిడ పచ్చళ్ల సీసా గుండెలకి హత్తుకుని కూర్చుంది. పెగూ దాటింది. తౌంగూ దాటింది. ప్యిన్మనా దగ్గర కొత్త రాజధాని నేప్యిడా స్టేషను ఖాళీగా, పెళ్లివారు రాని పందిరిలా వుంది. ఇరువైపులా వరి మళ్లు, తాటిచెట్లు. "మన చీపురుపల్లి దగ్గరున్నట్టే వుందండీ" అంది మా ఆవిడ. పరాయి దేశం చూద్దామని అంత ఖర్చుపెట్టి వస్తే చీపురుపల్లి కనబడింది! కాని ఆలోచిస్తే, మా తాతలు అక్కడ పాతికేళ్లు బతకగలగడానికి కారణం అదేనేమో.

మాండలే తర్వాత ఇరావతి నది మీద అవా వంతెన. పదహారు ఖానాలు, 1934లో కట్టారు. మామ్మ చెప్పిన 'పెద్ద ఒంతెన' ఇదే. వెనక్కి తగ్గుతున్న ఇంగ్లీషు సైన్యం 1942 ఏప్రిల్ 30న దీన్ని తనే పేల్చేసింది. మళ్లీ 1954లో గాని బాగుపడలేదు. మామ్మా తాతా దాటి వెళ్లిన కొద్ది వారాలకే వాళ్ల వెనక వంతెన కూలిందన్నమాట. ముందు పట్టాలు లేవు, వెనక వంతెన లేదు. ఆ రెండింటి మధ్యా దారి దొరికినవాళ్లు బతికారు.

మోనివాలో దిగాం. సాయంత్రం నది ఒడ్డుకి వెళ్లాం. మా ఆవిడ చేతిసంచీలోంచి పసుపూ కుంకుమా, రెండు చిన్నపిల్లల గాజులూ తీసి నీళ్లలో వదిలింది. ఎప్పుడు కొందో, ఎక్కడ దాచిందో నాకు తెలియదు. నేను చూడనట్టే పడవల్ని చూస్తూ నిలబడ్డాను. అటునుంచి తామూకి వెళ్లే ఓపికా, అనుమతీ రెండూ మాకు లేవు. 1942లో వాళ్లు నడిచిన తామూ-కలేవా దారిమీద 2001లో మన సరిహద్దు రోడ్ల సంస్థ 160 కిలోమీటర్ల రోడ్డు వేసిచ్చింది. రోడ్డే. పట్టాలు కావు.

ఎందుకు లేవు? ఒకే ప్రభుత్వం, ఒకే రాజు. ఇటు అస్సాంలో రైలు, అటు బర్మాలో రైలు. విచిత్రమేమిటంటే రెండూ మీటరు గేజే. కలిపితే పెట్టె మార్చే పని కూడా వుండేది కాదు. కలపాలని 1890లలోనే సర్వేలు చేశారు. మణిపూర్ దారి, హుకాంగ్ దారి, అరకాన్ దారి అన్నీ కొలిచారు. కాగితాల మీద పట్టాలు కలిశాయి. కొండల్లో సొరంగాలకయ్యే ఖర్చు చూసి, ఓడలో బస్తా పంపితే చౌక కదా అని ఆగిపోయారు. లెక్క తప్పు కాదు. బస్తాకి ఓడే చౌక. మనిషికి ఎప్పుడో ఒకసారి పారిపోవలసి వస్తుందని ఆ లెక్కలో పద్దు లేదు.

కలపదలచుకుంటే కలపలేనివి కావు పట్టాలు. 1914లో మద్రాసునుంచి కొలంబోకి ఒక టిక్కెట్టు మీద వెళ్లే ఏర్పాటు చేశారు: ధనుష్కోటి దాకా రైలు, అక్కడ పడవ, తలైమన్నార్‌నుంచి మళ్లీ రైలు. మధ్యలో సముద్రం వుందని ఎవరూ ఆగలేదు. 1964 డిసెంబరు తుపానులో ధనుష్కోటి రైలుతో సహా కొట్టుకుపోయేదాకా అది నడిచింది. రష్యా పట్టాల వెడల్పు 1,520 మిల్లీమీటర్లు, చైనావి 1,435. సరిహద్దులో పెట్టెల్ని జాకీలతో పైకెత్తి, కింద చక్రాల బళ్లు మార్చి, మాస్కోనుంచి పెకింగ్‌కి రైళ్లు నడిపారు. మాస్కోనుంచి వ్లాదివోస్తోక్‌కి 9,289 కిలోమీటర్లు, ఒకే లైను. అంత దూరం పట్టాలు వేయగలిగిన మనిషికి ఇంఫాల్ కొండలొక లెక్కా?

ఇంకో సంగతి చెబితే గాని ఈ కథ పూర్తికాదు. బర్మాని పట్టాలతో పొరుగుదేశానికి కలిపినవాళ్లు ఒకళ్లున్నారు: జపాన్‌వాళ్లు. ఓడలు మునిగిపోతున్నాయని, సయాంనుంచి బర్మాకి 415 కిలోమీటర్ల రైలుమార్గం 1942లో మొదలుపెట్టి 1943 అక్టోబరు 17న కలిపేశారు. దాన్నే మృత్యు రైలుమార్గం అంటారు. యుద్ధఖైదీలు పన్నెండువేలకి పైగా పోయారు. వాళ్లమీద పుస్తకాలొచ్చాయి, 1957లో ప్రఖ్యాతమైన సినిమా కూడా వచ్చింది. మలయా రబ్బరు తోటలనుంచి గూడ్సు పెట్టెల్లో కుక్కి తీసుకుపోయిన తమిళులూ తెలుగువాళ్లూ, బర్మా, మలయా, జావా కూలీలూ దానిమీద సుమారు తొంభైవేల మంది చచ్చారని అంచనా. వాళ్లమీద సినిమా రాలేదు. యుద్ధం అయ్యాక ఆ లైను చాలాభాగం పీకేశారు.

అంటే వేయని పట్టాల మూలంగా ఒకచోట చచ్చాం. వేసిన పట్టాల కింద ఇంకోచోట చచ్చాం. రెండుచోట్లా లెక్క రాసినవాడు సరుకు లెక్కే రాసుకున్నాడు. ముప్ఫై ఆరేళ్లు రైల్వేలు ఇంగ్లీషువాళ్లు మనకిచ్చిన వరమా, శాపమా అని పిల్లలచేత పది మార్కుల వ్యాసం రాయించాను. మా మామ్మ ప్రశ్న ఒక్కటి రాస్తే పది మార్కులూ వేసి వుండాల్సింది.

రెండో ప్రయాణం 2018 జనవరిలో. మా ఊరి మీదుగా కన్యాకుమారి-దిబ్రూగఢ్ వివేక్ ఎక్స్‌ప్రెస్ అనే బండి పోతుంది. 2011లో మొదలైంది. నాలుగువేల కిలోమీటర్లకు పైగా నడిచే ఈ బండి, మన దేశంలో అన్నిటికన్నా దూరం వెళ్లే రైలు. నెల్లిమర్లలో ఆగదు, దుమ్ము రేపి పోతుంది. వేపపుల్ల నముల్తూ దాన్ని చూడడం నాకలవాటు. ఒకరోజు దాని స్టేషన్ల పట్టికలో దిమాపూర్ పేరు చూశాను. మామ్మ వంగి పట్టా తాకిన చోటు! మా గుమ్మం ముందునుంచి అక్కడిదాకా ఇప్పుడు ఒక్క బండి, పెట్టె మారక్కర్లేదు.

విజయనగరంలో ఎక్కాం. రెండు రాత్రులు. ఫరక్కా దగ్గర గంగ, గౌహతి దగ్గర 1962లో కట్టిన సరాయిఘాట్ వంతెన మీద బ్రహ్మపుత్ర. పడవ దిగలేదు, పార్వతీపూర్ తగల్లేదు. దిమాపూర్‌లో దిగి మా ఆవిడ టీ కొట్టువాణ్ణి తన హిందీలో అడిగింది, ఇక్కణ్ణుంచి ఇంఫాల్‌కి రైలుందా అని. అతను కొండలవైపు చెయ్యి చూపించి, బస్సే అన్నాడు. మణిపూర్‌లో ఇంకో వైపునుంచి, జిరిబామ్‌నుంచి ఇంఫాల్‌కి లైను వేస్తున్నారు. 2022 జూన్ నెలాఖరున తుపూల్ దగ్గర కొండచరియ విరిగి, అక్కడ పనిచేస్తున్న కూలీలూ కాపలా జవాన్లూ చాలామంది చనిపోయారు. ఆ వార్త చదివిన రోజు నాకు అన్నం సయించలేదు. ఆ కొండలు ఇంకా మనుషుల్ని అడుగుతూనే వున్నాయి. ఆ లైను ఇంఫాల్ చేరి, మోరే దాటి, తామూ దాకా పోతే చూడాలని నా కోరిక. తామూ స్టేషనులో ఒక్క నిమిషం ఆగినా చాలు.

ఈమధ్య లండన్‌లో వుంటున్న మా అమ్మాయీ అల్లుడూ ఫోన్ చేశారు. లండన్‌లో ఎక్కి, సముద్రం కింది సొరంగం దాటి, అరడజను దేశాలమీదుగా రైళ్లు మారుతూ ఇస్తాంబుల్ దాకా వెళ్తారట. విమానంలో నాలుగు గంటల దారిని నాలుగు రోజులు చేసుకుంటున్నారు. కుర్రతనం! హోటళ్లు, టిక్కెట్లు, చలికోట్లు, అన్నీ వివరంగా చెప్పారు.

మా ఆవిడ అంతా విని, ఫోను దగ్గరగా పెట్టుకుని, "ఊరిదాకా పట్టాలున్నాయా అమ్మా?" అని అడిగింది.

అవతల ఇద్దరూ పగలబడి నవ్వారు. మా ఆవిడ నవ్వలేదు. జవాబు చెప్పేదాకా ఫోను పెట్టెయ్యనివ్వలేదు కూడా.